బాగుందని రాసిన ఇల్లు

ఆ యేడు మేం వాన వద్దని మొక్కుకున్నాం.

అనంతపురం జిల్లాలో పుట్టి వాన వద్దనేవాళ్ళు యాడన్నా ఉంటారా అని నవ్వుతారు. ఉండాం. సున్నపుబట్టీల పేటలో మేమంతా అట్లాంటోళ్ళమే. బెళుగుప్ప నుంచి మా అమ్మ ఫోన్ చేసి, "ఉమా, ఈడ మబ్బు పట్టిందమ్మా, శెనక్కాయ బతుకుతాదేమో. మీ కాడ గూడా పట్టిందా?" అని సంబరంగా అడిగేది. "పట్టిందిలేమ్మా" అని ఫోన్ పెట్టేసేదాన్ని. వాకిట్లోకి వచ్చి ఆకాశం వంక చూసి, పోతే పో, ఇంకో పక్కకు పో, మా మీద పడొద్దు అనుకునేదాన్ని.

ఎందుకంటే మావి మట్టి మిద్దెలు. రాయి, బురద పెట్టి గోడ లేపి, దాని మీద దూలాలు, దూలాల మీద దంతెలనే సన్న కట్టెలు పరిచి, పైన చవుడు మన్ను పోస్తారు. ఆ మన్ను నీళ్ళను కిందికి దిగనీయదు. అందుకని ఏటా వానల ముందర ఇంకో పొర పోస్తారు. పోసేదే గాని పాతది తీసేది లేదు. మా మామ బతికినన్నాళ్ళు ఆయన పోసినాడు, ఆయన పోయినాక మా ఆయన లింగప్ప పోసినాడు. మోసేటోని నెత్తిన ఏటేటా ఇంకొక మూట పెట్టుకుంటా పోయినట్టు. గోడ గట్టిగా ఉన్నంత కాలం మోసింది.

శ్రావణంలో భూమి అదిరింది.

నేను ట్యాంకరు కాడ వరసలో నిలబడి ఉండా. ఖాళీ బిందెలన్నీ ఒకదానికొకటి కొట్టుకోని గలగలమన్నాయి. నా ముందర నిలబడిన మా వీధామె సారా వెనక్కి తిరిగి, "ఎవురే తన్నింది? కండ్లు నెత్తికెక్కినాయా?" అని అరిచింది. తన్నినోళ్ళు ఎవురూ లేరు. ట్యాంకరు మూతలో నుంచి నీళ్ళు తుళ్ళి మా మీద పడినాయి. కాళ్ళ కింద నేల, సంగటి ఉడికేటప్పుడు కుండ మూత మాదిరి, సన్నగా కొట్టుకునింది.

"క్వారీలో పేల్చినారులే" అన్నాడు తిప్పయ్య. మా ఎదురింటాయన. ఆ మాట ఆయన నోట్లో ఉండంగానే, ఆయన ఇంటి పక్క గోడ ఆయన కండ్ల ముందరే, అలిసిపోయిన మనిషి కూలబడినట్టు కూలబడింది. దుమ్ము లేచింది. ఆయన మేక ఆ గోడ కిందనే ఉన్నింది.

నేను బిందె ఆడనే పారేసి ఇంటికి ఉరికినా. మా అత్త, పేరు పెద్దక్క, వాకిట్లో కూర్చోని శెనక్కాయలు ఒలుస్తాంది. చేట ఒళ్ళోనే ఉండాది. లోపలికి పోయి చూస్తే, నడింట్లో పడమటి గోడకు దూలం కింద నుంచి నేల దాకా పగులు. నా వేలు పట్టింది. రెండో వేలు గూడా పట్టింది.

"అత్తా! లేసి దూరం జరుగు! గోడ పగిలింది!"

"అరవకే. ఇల్లు ముసల్దైంది. రవంత ఒళ్ళిరుచుకునింది, అంతే" అనింది. ఇంకో కాయ ఒలిచింది.

మా అత్త సంగతి చెప్పల్ల. వయసులో ఉన్నప్పుడు ఆమె, మా మామ, ఇద్దరూ ఈ పేటలోనే బట్టీలలో సున్నపురాయి కాల్చినారు. కూలి చేసి వచ్చినాక, మాపటేల ఒక్కో రాయి పేర్చుకుంటా ఆ ఇల్లు కట్టుకున్నారు. బట్టీలు మూసేసి శానా ఏండ్లైంది. అయినా పండగొస్తే పేటంతా సున్నానికి మా అత్తనే పిలుస్తారు. సున్నంలో నీలిమందు ఎంత వేయల్ల, జిగురు ఎంత కలపల్ల, ఆమె చెయ్యి పడితేగాని గోడకు తెలుపు రాదంటారు. ఆమెకు ఆ ఇల్లంటే కొడుకు కంటే ఎక్కువ. ఈ మాట లింగప్ప ముందరే అంటుంది. ఆయన మండీలో మూటలు మోసి వచ్చి, అన్నం తింటా, "అవునులే, ఇల్లు ఎదురు చెప్పదు గదా" అంటాడు.

ఇంక నా సంగతి. వీధిలో నా పేరు లీడరమ్మ. ప్రేమతో పెట్టిన పేరు కాదు, మా అత్త పెట్టింది. ట్యాంకరు రాకపోతే రోడ్డుకు అడ్డంగా బిందెలు పెట్టింది నేను. మోరీ తీయకపోతే ఆ బురద తట్టకెత్తుకోని మునిసిపాలిటీ ఆఫీసు మెట్ల మీద పోసింది నేను. ఏడో తరగతి దాకా చదివినా. మిగతాది ఆఫీసుల గోడలకు అంటించిన కాగితాలు చదివి నేర్చుకున్నా. మెత్తగా మాట్లాడేది నాకు రాదు, నేర్చుకోవల్లని అనుకోలేదు.

అదిరిన మర్నాటికే పేటలో పగలని ఇల్లు లేదని తేలింది. సారా ఇంట్లో దూలం గోడను వదిలి పక్కకు జరిగింది. మా పక్కింటి గంగాదేవి ఇంట్లో వాకిలి దర్వాజా వొంగిపోయి తలుపు మూసుకోదు. ఇప్పటికి నిలబడుండాయి. పైన చవుడు ఎండి ఉండాది గాబట్టి నిలబడుండాయి. వాన తగిలి ఆ మన్ను నానితే బరువు రెండింతలు. అప్పుడు?

బైపాసు దాటినాక ప్రభుత్వం సిమెంటు ఇండ్లు కట్టి తాళాలేసి పెట్టింది. ఎవురికీ ఇయ్యలేదు. వాకిండ్లలో తుమ్మచెట్లు మొలిచినాయి. మేమడిగింది ఒక్కటే: మా ఇండ్లు వచ్చి చూడండి, ఉండేకి పనికిరావని రాయండి, వానలకు ముందర ఆ తాళాలు తీయండి. అంతే.

ఆఫీసు గేటు కాడ కూర్చున్నాం. సారా ప్రార్థన చేసింది, తిప్పయ్య బీడీలు తాగినాడు, నేను అరిచినా. ఎండకు నెత్తులు మాడినాయి. మేకను పోగొట్టుకున్న తిప్పయ్య దాని మెడగంటను గేటుకు కట్టి, లోపలికి పోయే ప్రతి జీపుకూ గంట కొట్టినాడు. ఆ గంటకు తట్టుకోలేకనో, నా గొంతుకు తట్టుకోలేకనో, ఇంజనీరు విజయభాస్కర్ సారు బయటికొచ్చినాడు. కుర్రవయసు, కోస్తా మనిషి, నెమ్మదస్తుడు.

"చూడమ్మా, ఇది భూకంపాలు వచ్చే ప్రాంతం కాదు. అది చాలా చిన్న ప్రకంపన. దానికి ఇళ్ళు పడవు."

"మీ ఇల్లు పిల్లర్ల మీద ఉండాది సార్. మా ఇల్లు బురద మీద ఉండాది."

"పాత ఇళ్ళకు పగుళ్ళు ఊరికే కూడా వస్తాయి."

"అట్లైతే వచ్చి చూడు. ఊరకే వచ్చినవి ఏవో, అదిరి వచ్చినవి ఏవో నువ్వే చెప్పు."

"అందరూ ఒకేసారి మాట్లాడితే ఎలాగమ్మా?"

"అందరూ యాడ మాట్లాడినారు సార్? నేనొక్కదాన్నే గదా."

జనం నవ్వినారు. సారు గూడా నవ్వినాడు. నవ్వినాక మనిషి రవంత మెత్తబడతాడు. "సరే, వస్తాను. నివాసానికి పనికిరాదని నేను రాసిన ఇంటికి అక్కడ ఇల్లిస్తారు. రాయని ఇంటికి నేనేమీ చేయలేను. ఒప్పుకుంటారా?"

ఒప్పుకున్నాం. ఎందుకొప్పుకోం? గుడ్డోడు వచ్చి తడిమినా తెలిసే పగుళ్ళవి.

సారు వచ్చేదానికి ముందురోజు నేను పొద్దున నుంచి ఆఫీసులోనే ఉన్నా. పెద్దాఫీసరు సంతకం పడందే సర్వే జరగదంట. ఆయప్ప మీటింగుల్లో తిరుగుతాంటే ఆయన వెనకాల నేను తిరిగినా. దీపాలు పెట్టే వేళకు సంతకం పడింది. గెలిచినామని ఆటో ఎక్కినా. ఆటోవానికి గూడా చెప్పినా, గెలిచినామని.

పేట మలుపు తిరిగితే వీధంతా తెల్లగా ఉండాది.

ప్రతి గోడా. ఆ మొదటి నుంచి ఈ చివరి దాకా. కింద ఎర్రమన్ను పట్టీ, పైన తడి ఆరని సున్నం. వాకిండ్లలో పేడనీళ్ళ కళ్ళాపి, ముగ్గులు. పిల్లోళ్ళు కొత్త గుడ్డలేసుకోని తిరుగుతాండారు. మా వాకిట్లో మా అత్త మోచేతుల దాకా సున్నంతో కూర్చోని ఈతాకు కుంచె కడుగుతాంది.

"అత్తా, ఏం చేసినారు ఇది?"

"కండ్లు లేవా? సున్నం కొట్టినాం."

"పగుళ్ళు యాడ?"

"పూడ్చినా. బంకమన్నులో వరిగడ్డి తునకలు కలిపి. పోయి తడిమి చూడు, దొరుకుతాదేమో." ఆమె మొహం వెలిగిపోతాంది. "మన ఇల్లొకటే కాదు. పేటంతా ఒక చేతి మీదనే చేపిచ్చినా."

సంతకం పడకముందే, మధ్యాన్నమే ఆఫీసోళ్ళ మైకాటో తిరిగిందంట. "రేపు ఉదయం అధికారులు మీ ఇండ్లను చూడటానికి వస్తున్నారు. ప్రజలందరూ తమ తమ ఇండ్లను సిద్ధంగా ఉంచుకోవలెను." ఆ ముక్క రాసినోడు ఫ్యాను కింద కూర్చోని రాసింటాడు. తలుపు తీసిపెట్టి ఇంటి కాడ ఉండమని వాని ఉద్దేశం. మా పేటలో చూసేకి వచ్చేదంటే ఒకటే అర్థం. పిల్లను చూసేకి వచ్చేది. చూసేకి వస్తే ఎట్ల చూపిస్తాం? నొసటి మీద గాటు ఉంటే దాని మీదికి ముంగురులు దించి, పసుపు పూసి, ఉన్నదాంట్లో మంచి చీర కట్టి చూపిస్తాం.

"వాళ్ళొచ్చేది పగుళ్ళు చూసేకి అత్తా!"

"పగులు చూసేకి ఎవురన్నా వస్తారా? ఇల్లు చూసేకి వస్తారు."

"నెత్తులు మాడంగా గేటు కాడ కూర్చున్నాం. ఈ ఒక్క పొద్దు కోసరం!"

"కూర్చుంటివి. ఆడ నువ్వు కూర్చుంటివి గాబట్టే ఈడ నేను నిలబడితి. 'ఈ ఇంటి కోడలు వీధులెంబడి అరుస్తాది, ఇల్లు చూస్తే పాడుబడింది' అని పెద్దసార్లు అనుకోని పోవల్లనా? మీ మామ లేడని ఇల్లు దిక్కులేనిదైందా?"

నేను చూరులోని కొడవలి తీసుకోని లోపలికి పోయినా. సున్నం గీకి, పూడ్చిన మన్ను పెళ్ళగిద్దామని. లింగప్ప నా రెట్ట పట్టుకున్నాడు.

"తడి మన్ను ఉమా. గోడను ఇప్పుడు కదిలిస్తే మిద్దె మన మీదికే వస్తాది."

ఇండ్లిండ్లూ తిరిగి చెప్పినా. పగులు తెరవండి, ఒక్క మూరెడన్నా తెరవండి అని. గంగాదేవి దండం పెట్టింది. "పెద్దక్క చెయ్యి పడిన గోడ వదినా. ఇంత బాగా నా పెండ్లికి గూడా కొట్టల్యా. ఉండనీ." సారా మాత్రం తన గోడను చూసుకుంటా నిలబడింది.

పొద్దున విజయభాస్కర్ సారు వచ్చినాడు. చేతిలో ట్యాబు. వీధి మొదట్లో నిలబడి చుట్టూ చూసి, "చాలా నీట్‌గా ఉందే కాలనీ" అన్నాడు. ఆ మాటకు ఆడోళ్ళంతా సిగ్గుపడి నవ్వినారు.  ఒక్కో ఇంట్లోకి తొంగి చూసేది, వేలితో నొక్కేది, ఇంకో ఇంటికి పోయేది. తిప్పయ్య ఇంట్లో కూలబడిన గోడను గూడా రాళ్ళు పేర్చి సున్నం కొట్టినారు.

మా ఇంటికి వచ్చినాడు. నేను కొడవలి వెనక దాచి పెట్టుకోని ఉండా. మిద్దె పడినా సరే, ఈయప్ప కండ్ల ముందరే పడనీ అనుకున్నా.

"సార్, ఈ సున్నం నిన్న కొట్టింది. దీనెనకాల పగులుంది. చూపిస్తా, రవంత ఉండు" అని గోడ మీదికి పోయినా.

మా అత్త నాకంటే ముందు పోయి గోడకు వీపు ఆనిచ్చి నిలబడింది. చేతులు రెండూ చాపింది. ఆ పగులు సరిగ్గా ఆమె వీపు వెనకాల ఉండాది.

"నా ఇల్లు బాగుంది సారూ. ఈమెకు అరిచేది అలవాటు."

"అత్తా, జరుగు."

"నన్ను నరికి గీక్కో."

సారు ఆమెను చూసినాడు, నా చేతిలో కొడవలిని చూసినాడు, తెల్లటి గోడను చూసినాడు. ఆయన్ను తప్పు పట్టేకి ఏముంది? ఇంటి మనిషే బాగుందంటాంది. "బాగుందవ్వా" అని ట్యాబులో వేలు పెట్టినాడు. ఒక్క వేలితో నొక్కినాడు. అయిపోయింది.

ఆ పొద్దు నుంచి నేను మా అత్తతో మాట్లాడలేదు. "మీ అమ్మకు అన్నం చాలునేమో అడుగు" అంటా లింగప్పతో. "అడిగినదానికి చాలని చెప్పు" అంటుంది ఆమె. ఆయన మా ఇద్దరి నడుమ కూర్చోని, "నేనేం మైకాటోనా?" అని మొత్తుకునేవాడు.

ఆఫీసుకు మళ్ళీ పోయినా, మళ్ళీ మళ్ళీ పోయినా. "మీ కాలనీ పూర్తయింది. అన్నీ నివాసయోగ్యం అని పైకి పంపాం. మళ్ళీ చూడాలంటే పైనుంచి ఆర్డర్ రావాలి." ఈసారి నాతో గేటు కాడికి ఎవురూ రాలేదు. తెల్లటి గోడ ముందర కూర్చోని, నా గోడ పగిలింది అని ఎట్ల అరుస్తారు?

దసరాకు ముందర ముసురు పట్టింది.

జిల్లా అంతా పండగ చేసుకునింది. టీవీలో రైతులు నవ్వుతాండారు. మా పేటలో సంచులు, బొంతలు నెత్తినేసుకోని ఒక్కొక్కరే బడి వసారాకు పోయినారు. మా అత్త కదల్లేదు. ఆమెను వదిలిపెట్టి మేం పోలేకపోతిమి. లింగప్ప బతిమాలినాడు. "బాగున్న ఇల్లు ఇడిసిపెట్టి బడిలో పండుకుంటే జనం నవ్వరా అప్పా?" అనింది.

రెండోనాటికి సున్నం మీద సన్నటి గీత కనపడింది. పొద్దున గీత, మధ్యాన్నానికి నెర్రె. పూడ్చిన మన్ను నాని, ముద్దలు ముద్దలుగా కిందికి జారతాంది. మా అత్త చూసింది.  తట్టలో బంకమన్ను పిసుక్కోని వచ్చి, చేత్తో ఆ నెర్రెలోకి కూరింది. మన్ను నిలబడలేదు, ఇంకా లోపలికి పోయింది. ఇంకొంచెం కూరింది. అది గూడా పోయింది. చెయ్యి పెట్టి తోసింది. మణికట్టు దాకా పోయింది చెయ్యి.

ఆమె అట్లనే నిలబడిపోయింది. చెయ్యి గోడలోనే ఉండాది. మెల్లగా వెనక్కి తీసుకోని, వేళ్ళు చూసుకునింది. వేళ్ళ మీది మన్ను కడిగినట్టు పోయి ఉండాది. అవతల పడతాండే వాన ఆమె చేతికి తగిలింది. నడింట్లో నిలబడిన మనిషి చేతికి.

చీర కొంగుతో తుడుచుకోని పోయి పొయ్యి కాడ కూర్చునింది.

మర్నాడు ఆదివారం. సారా బడి వసారా నుంచే చర్చికి పోయింది. ఆమె పాటలో ఉండంగా ఆమె మిద్దె దిగిపోయింది. శబ్దం పెద్దది గూడా కాదు. చవుడు మన్ను మెత్తన గదా, మూటలు దించినట్టు దభీమనింది, అంతే. మేం ఉరికిపోయి చూస్తే గోడలు రెండు నిలబడుండాయి, తెల్లగా. నడుమ ఇల్లు లేదు. మన్ను కుప్ప. ఆ కుప్పలో నుంచి ఆమె నులక మంచం కోడు ఒకటి బయటికి కనపడతాంది.

సారా వచ్చి చూసింది. ఏడవలేదు. "ఈ పొద్దు జరంగా ఉండాది, చర్చి మానుకోని ఇంటికి పోయి మంచం మీద పండుకుందామా అనుకున్నా పొద్దున" అనింది. 

ఇల్లు కూలిందని పై ఆఫీసుకు కబురు పోయింది గాబట్టి విజయభాస్కర్ సారు జీపులో వచ్చినాడు. సారా ఇంటి కాడనే నిలబడి ఫోటోలు తీసుకున్నాడు. నేను జీపుకు అడ్డం నిలబడినా. నోటికొచ్చింది అన్నా. ఆయన మొహం పాలిపోయి ఉండాది, అయినా నా మాటకు బదులిచ్చినాడు.

"మీ ఇల్లు నేను స్వయంగా చూశానమ్మా. మీ అత్తగారే బాగుందన్నారు. కూలిన ఈ ఒక్క ఇంటికే నేను రాయగలను. మిగతా వాటికి ఆర్డర్ లేదు."

 అప్పుడు మా వాకిలి కాడ నుంచి మా అత్త గొంతు వినపడింది.

"సారూ! ఆ పొద్దు మా ఇంటికి వస్తివి, కాఫీ గూడా ఇయ్యకపోతి. రా, ఒక గుక్క తాగిపో."

"ఇప్పుడెందుకులే అవ్వా."

"చేసి పెట్టినా. చల్లారిపోతాది."

ముసలామె పిలుస్తాంటే ఏం చేస్తాడు? గొడుగు పట్టుకోని వచ్చినాడు. వెనకాల మేం. గడప కాడ నిలబడి లోపలికి చూసినాడు. నడింట్లో చాప పరిచింది. చాప మీద స్టీలు గ్లాసులో కాఫీ, పొగలు వస్తాంది. పడమటి గోడ నెర్రెలో నుంచి వెలుతురు పడతాంది. పైన దంతెలు కడుపుతో ఉన్న గొడ్డు మాదిరి కిందికి వొంగినాయి. సారు గొడుగు మూసినాడు. ఒక కాలు గడప లోపల పెట్టినాడు. తలెత్తి పైకి చూసినాడు.

కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇక్కడికే ఇవ్వవ్వా. బయటే తాగుతాను."

"ఇంటికొచ్చినోన్ని వాకిట్లో నిలబెట్టి ఇచ్చేది మాకు అలవాటు లేదు. లోపలికొచ్చి కూర్చో."

"షూస్‌కి బురద..."

"ఇల్లే బురద. రా."

ఆయన రాలేదు. మా అత్త ఆయన్ను రవంతసేపు చూసింది. చూసి, లోపలికి పోయి, ఆ చాప మీద ఒక పక్క కూర్చునింది. ఇంకో పక్క ఖాళీ పెట్టింది.

"అమ్మా!" అన్నాడు లింగప్ప. లోపలికి పోబోతాంటే చెయ్యి ఎత్తి ఆపింది.

"నువ్వుండప్పా. ఇది నాకూ సారుకూ ఉండే మాట. సారూ, నేను బాగుందంటి. నువ్వు బాగుందని రాస్తివి. ఇద్దరం ఒకే మాట అన్నాం గదా, ఇద్దరం కూర్చుందాం రా."

వీధంతా వచ్చింది.  చాప మీద టప్పుమని మన్ను పెళ్ళ పడింది. నాకు గొంతులో నినాదాలే ఉంటాయి, ఎప్పుడు పిలిచినా వస్తాయి. ఆ పొద్దు ఒక్కటీ రాలేదు. గట్టిగా అరిస్తే ఆ అరుపుకే మిద్దె దిగుతాదేమో అని భయం. ఎన్నో పొద్దుల తరువాత ఆమెతో మాట్లాడినా, అది గూడా గుసగుసగా.

"అత్తా, లేయి. నీ కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకునేకి లోపలికి రావల్ల గదే. రావద్దు."

సారు గడప కాడ వొంగి చెయ్యి చాపినాడు. "అవ్వా, మళ్ళీ సర్వే చేయిస్తాను. మాటిస్తున్నాను. బయటికి రా తల్లీ."

"సర్వే వద్దు. ఇప్పుడు నువ్వేం చేస్తివో అది రాయి."

"నేనేం చేశాను?"

"లోపలికి రాల్యా గదా. 'పెద్దక్క కాఫీకి పిలిస్తే ఆ ఇంట్లో అడుగు పెట్టేకి భయపడితి' అని రాయి. సంతకం పెట్టు. లేస్తా."

"అలా రాయడానికి లేదు. ఆర్డర్..."

పైన ఒక దంతె కిర్రుమనింది. పిడికెడు చవుడు నేరుగా వచ్చి కాఫీ గ్లాసులో పడింది. గ్లాసు పక్కకు ఒరిగింది. గంగాదేవి కెవ్వుమనింది. మా అత్త ఒరిగిన గ్లాసును నిలబెట్టింది. ఇంటికొచ్చినోళ్ళ ముందర ఏదన్నా ఒలికితే సర్దుకున్నట్టు, కొంగుతో చాప తుడిచింది. సారు వంక తలెత్తి చూడను గూడా చూడలేదు.

"కాగితం!" అన్నాడు సారు. జీపు డ్రైవరు ఉరికినాడు. యాడ పెట్టుకోని రాయల్ల? తిప్పయ్య వొంగి వీపు ఇచ్చినాడు. లింగప్ప గొడుగు పట్టినాడు. ఆ వీపు మీద కాగితం పెట్టి గబగబా గీకినాడు. సంతకం పెట్టినాడు.

"ఏమే లీడరమ్మా, సరిగ్గా రాసినాడా? అందరికీ వినపడేటట్టు చదువు."

చదివినా. ఇంటి నంబరు, పెద్దక్క పేరు, ఆ తరువాత: "ఈ ఇంట్లోకి ప్రవేశించుట ప్రాణాపాయము. నివాసమునకు పనికిరాదు."

"భయపడితి అని ఉండాదా?"

"లేదత్తా. ప్రాణాపాయము అని ఉండాది."

"పోనీలే. మొగోళ్ళు భయానికి అట్లాంటి పేర్లే పెడతారు."

మోకాలు పట్టుకోని లేసింది. గ్లాసు ఒక చేత్తో, చాప ఒక చేత్తో తీసుకోని, తొందర లేకుండా నడిచి, గడప దాటింది. దాటినాక లింగప్ప ఆమెను గట్టిగా పట్టుకున్నాడు. ఆమె ఒళ్ళంతా వణుకుతాంది. లోపల ఉన్నంతసేపు వణకలేదు.

సారు జీపు వైపు తిరిగినాడు. తిరిగితే పక్కింటి గడపలో గంగాదేవి నిలబడి ఉండాది. మూతపడని ఆ తలుపు వెనకాల చాప. చాప మీద గ్లాసు.

"సార్, మా ఇంట్లో గూడా ఒక గుక్క తాగిపోండి."

దాని పక్కింటి గడపలో గూడా ఒకామె. దాని పక్కన గూడా. బడి నుంచి చాపలు ఎప్పుడు తెచ్చినారో, కాఫీ యాడ కాచినారో నాకు తెలీదు. నేను చెప్పలేదు. ఇట్లా చేయల్లని నాకు తోచేది గూడా కాదు. ఎవురూ లోపల కూర్చోలేదు, గడప కాడ నిలబడి పిలుస్తాండారు, అంతే. సారు ప్రతి గడప కాడికీ పోయినాడు. ప్రతి ఇంట్లో తలెత్తి పైకి చూసినాడు. యా ఇంట్లోనూ అడుగు పెట్టలేదు. ఆర్డరు మాట ఎత్తకుండా రాసినాడు. తిప్పయ్య వీపు నొప్పి పుట్టి, లింగప్ప వొంగినాడు. సారు పోయేటప్పుడు నా వంక చూసి, "నా ఉద్యోగం ఉంటుందో లేదో" అన్నాడు. అరిచేకి మేముంటాం సార్ అన్నా. ఆయన నవ్వలేదు.

ఆ పొద్దు మా వీధిలో కాచిన కాఫీ అంతా చల్లారిపోయింది.

ఆ సిమెంటు ఇండ్ల తాళాలు తీపిచ్చేకి ఇంకా కొట్లాడల్సి వచ్చింది. అది వేరే సంగతి.

ఆ మాపటేల మేం బడి వసారాలో ఉండాం. నేను మా అత్త పక్కన కూర్చోని ఆమె కాళ్ళకు బొంత కప్పతాండా. పేట దిక్కు నుంచి దభీమని శబ్దం వచ్చింది.  లింగప్ప వానలోనే పోయి చూసి వచ్చినాడు. నీళ్ళు కారతా నిలబడినాడు.

"ఎవురిదప్పా?" అని అడిగింది మా అత్త.

"మనదే అమ్మా."

ఆమె గోడకు ఆనుకోని వానను చూసింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నా. పట్టుకోనిచ్చింది.

"పాపం, ఆ సారు లోపలికి రాకపోయిందే మంచిదాయ" అనింది. "చిన్న వయసు."